మధువు లేని పుష్పం



మా ఆలయ ప్రాకారానికి ఈశాన్యంలో ఒక వృద్ధ రసాలవృక్షం ఉన్నది. దాని వయస్సు మా పితామహులకే తెలియదు. ప్రధాన శాఖ రెండుగా చీలిన చోట, మనిషి చేతికి అందీ అందనంత ఎత్తున, దళసరి ఆకులతో, గాలిలోకి చాచిన తెల్లని వేళ్లతో ఒక మొక్క ఎన్నో ఏండ్లుగా పెరుగుతున్నది. చెట్టుమీద మొలిచిన ప్రతిదానినీ మా ప్రాంతంలో బదనిక అనే వ్యవహరిస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. ముప్పది సంవత్సరాలుగా ప్రతి ఉషఃకాలంలో ఆ చెట్టు క్రిందుగానే నూతికి వెళ్లి అభిషేకజలం తెస్తున్నాను. ఎప్పుడైనా తలయెత్తి చూచినప్పుడు, పాపం ఈ చెట్టు రసం పీల్చి బ్రతుకుతున్నది కదా, తీయించివేయాలి అని తలచేవాడను. నూతి దగ్గరకు చేరేసరికి మరచిపోయేవాడను.

గత వైశాఖంలో కల్యాణోత్సవానికి పందిరి వేసే కుర్రవాడు కత్తి పట్టుకొని చెట్టెక్కాడు. నేనే ఎక్కించాను. ఆ వేళకు ప్రదక్షిణం చేస్తున్న మాస్టారు చూచి, ఉత్తరీయం సవరించుకుంటూ వడివడిగా వచ్చారు. ఆయన కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి పొందినవారు. నిత్యం ఆలయానికి వస్తారు. అయితే ప్రసాదంగా ఇచ్చిన బిల్వదళాన్ని కూడా కళ్లకద్దుకోవడానికి ముందు ఒకసారి త్రిప్పి దాని ఈనెలు చూస్తారు.

“శాస్త్రిగారూ, దయచేసి ఆపించండి. అది బదనిక కాదు, ఆర్కిడ్. చెట్టును ఆధారం చేసుకున్నదే గాని ఆహారం చేసుకోలేదు.”

కుర్రవాడు దిగాడు. నాకు కొంత లజ్జ కలిగింది. ఎనిమిదవ ఏట వేదపాఠశాలలో అమరకోశం కంఠస్థం చేసినవాడను. వనౌషధివర్గంలో వందా, వృక్షాదనీ, వృక్షరుహా అని ఒకే మొక్కకు పర్యాయపదాలు వల్లించినవాడను. వృక్షాదని అంటే చెట్టును తినేది. వృక్షరుహ అంటే చెట్టుపై మొలిచేది. ఈ రెండూ ఒకటి ఎట్లా అవుతాయని ఏనాడూ ప్రశ్నించలేదు. గురువుగారు ప్రశ్నించే వయస్సు రాలేదన్నారు. వచ్చిన తరువాత నేను ప్రశ్నించడం మరచిపోయాను. ఆ మాట మాస్టారితో అంటే ఆయన నవ్వి, ఈ మొక్కకు శాస్త్రజ్ఞులు వాడే వాండా అనే నామం మన వందా శబ్దం నుండి వచ్చినదేననీ, కలకత్తాలో న్యాయమూర్తిగా ఉండి సంస్కృతం అభ్యసించిన సర్ విలియం జోన్స్ దానిని గ్రహించాడనీ చెప్పారు. మన కోశంలోని పదం సముద్రాలు దాటి వెళ్లి, తిరిగి మా మామిడిచెట్టు మీదికి వచ్చి కూర్చున్నదన్నమాట. నేను మాత్రం దానిమీదికి కత్తి పంపాను.

ఈ వ్యాసం ఆ పుష్పాన్ని గురించి వ్రాయాలనే మొదలుపెట్టాను. అయితే అది నన్ను నా జీవితంలోని ఒక సోమవారం దగ్గరకు తీసుకొనిపోయింది. ఆ సంగతి దాచి పుష్పాన్ని గురించి మాత్రమే వ్రాయడం ఉచితం కాదనిపించి, రెండూ వ్రాస్తున్నాను. జిజ్ఞాసువులు ఓర్పుతో చదవాలని ప్రార్థన.

ఆనాడు ఆ మొక్క పుష్పించి ఉన్నది. ఒకే కాడకు ఏడెనిమిది పువ్వులు. పసుపుపచ్చని రేకులమీద గోధుమవర్ణంలో గళ్లు గళ్లుగా ఎవరో గీసినట్లు రేఖలు. మధ్యలో క్రిందికి వంగిన ఊదారంగు దళం. మాస్టారు దానిని చూపి, “ఇది అధరం. కీటకం వచ్చి వ్రాలే పీట” అన్నారు. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో పూరేకులకు ఆకర్షణపత్రాలని పేరు పెట్టినవారెవరో గాని, ఆ ఒక్క పేరులోనే విషయమంతా చెప్పారని కూడా అన్నారు. చెట్టు కదలలేదు; తన పరాగాన్ని దూరాన ఉన్న సజాతి పుష్పానికి చేర్చాలి; చేర్చేవాడు మరొకడు కావాలి. వాడిని పిలవడానికే ఈ రూపం, ఈ గంధం.

తరువాత ఒక పని చేయించారు. నా చేతిలో ఉన్న దర్భను పువ్వు మధ్యభాగంలోకి మెల్లగా పోనిచ్చి, పైకి తాకిస్తూ వెనుకకు తీయమన్నారు. తీశాను. ఒక చిన్న టోపీవంటిది ఊడిపడింది. దర్భకొసకు సన్నని కాడతో రెండు పసుపుపచ్చని మైనపు గింజలు అతుక్కొని వచ్చాయి. ఆవగింజలో సగమైనా లేవు. విదిలిస్తే పడలేదు. మామిడిపూత, తామర మొదలైనవాటిలో పరాగం పొడిగా ఉంటుంది; కొంత గాలికి పోతుంది, కొంత ఈగ కాళ్లకు అంటుతుంది, కొంత ఆ ఈగే తింటుంది. ఈ కులంలో అట్లా కాదు. పరాగమంతా ముద్దగా కట్టి, జిగురు పూసి, ఒకే కీటకానికి ఒకేసారి అప్పగిస్తుంది. ఆ ముద్ద సరియైన పుష్పానికి చేరితే ఒక్క కాయలోనే వేలు, కొన్ని జాతులలో లక్షలు, ధూళివంటి విత్తనాలు. చేరకపోతే ఆ పుష్పం సర్వస్వం కోల్పోయినట్లే. ఇంతటి పణం ఒడ్డినది కనుకనే దూతను రప్పించే ఉపాయంలో దీనికి ఇంత నైపుణ్యం అవసరమైంది.

నేను దర్భతో చేసినదానినే చార్లెస్ డార్విన్ సన్నగా చెక్కిన పెన్సిలుతో చేశాడట. ఆర్కిడ్‌ల పరాగసంపర్కం మీదనే ఆయన 1862లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఇంగ్లండు పచ్చికబయళ్లలో పూచే ఒక జాతిలో ఆయన గమనించిన విశేషం నాకు అత్యాశ్చర్యం కలిగించింది. పెన్సిలుకు అంటుకొని వచ్చిన పరాగముద్ద మొదట నిటారుగా నిలుస్తుంది. ఆ స్థితిలో మరొక పువ్వులో ప్రవేశపెడితే అది కీలాగ్రానికి తగలదు. సుమారు 30 సెకన్లలో దాని కాడ ముందుకు వంగుతుంది. ఇప్పుడు ప్రవేశపెడితే సరిగ్గా తగలవలసిన చోటనే తగులుతుంది. ఆ వ్యవధి ఎందుకు? కీటకం ఈ మొక్కను విడిచి మరొక మొక్కను చేరడానికి కావలసిన కాలమది. స్వగోత్రంలో వివాహం కాకుండా ఏర్పాటన్నమాట. “శాస్త్రిగారూ, దానికి కూడా ప్రవర చూసేవారున్నారు” అని మాస్టారు పరిహాసమాడారు.

కీటకానికి ప్రతిఫలమేమిటని అడిగాను. మధువు కదా అని నా విశ్వాసం. ఆయన వెంటనే బదులివ్వలేదు. “ఇచ్చేవి ఉన్నాయి. అవి ముందు చెబుతాను” అన్నారు. తరువాత పదిహేను రోజులపాటు, సాయంకాల హారతి అయిన పిదప, మండపంలో కూర్చొని చెప్పినవే ఇవి.

మడగాస్కర్ ద్వీపంలో నక్షత్రాకారపు తెల్లని ఆర్కిడ్ ఒకటున్నది. దాని పువ్వు వెనుక తోకవలె వ్రేలాడే గొట్టం ఇంచుమించు ఒక అడుగు పొడవు. మధువు ఉండేది అట్టడుగున మాత్రమే. రాత్రివేళ పరిమళిస్తుంది. దీనిని చూచిన డార్విన్, ఇంత పొడవైన నాలుక గల చిమ్మట ఆ ద్వీపంలో ఉండి తీరాలి అని అనుమానప్రమాణంతో చెప్పాడు. పొగను చూచి నిప్పును చెప్పినట్లు, గొట్టాన్ని చూచి నాలుకను చెప్పాడు. కొందరు ఎగతాళి చేశారు. 1903లో, అంటే ఆయన గతించిన 21 సంవత్సరాలకు, అటువంటి చిమ్మటను శాస్త్రజ్ఞులు వర్ణించి నామకరణం చేశారు. నైయాయికులకు ఇంతకంటె మంచి ఉదాహరణ నేను ఎరుగను.

మధ్య, దక్షిణ అమెరికా అరణ్యాలలో మరొకటి ఉన్నది; దాని అధరం బొక్కెనవలె ఉంటుంది. పైనుండి బొట్టు బొట్టుగా స్రవించే ద్రవం అందులో నిండుతుంది. అక్కడ మరకతమణివలె మెరిసే ఒక జాతి తేనెటీగలలో మగవి మాత్రమే దానిని వెదకుతూ వస్తాయి. వాటికి కావలసినది మధువు కాదు, పరిమళమే. పువ్వు స్రవించే గంధతైలాన్ని గీకి, వెనుక కాళ్లలోని సంచులలో దాచుకొని, దానితోనే తమ జాతి స్త్రీలను ఆకర్షిస్తాయట. గీకే తొందరలో కాలుజారి బొక్కెనలో పడతాయి. రెక్కలు తడిసి ఎగురలేవు. బయటకు ఒకటే దారి, ఇరుకైన సొరంగం. అందులోనుండి దేకుతూ వెలుపలికి వచ్చేసరికి వీపుమీద పరాగముద్ద అతుక్కొని ఉంటుంది. కష్టపడింది, నిజమే. కానీ కోరి వచ్చిన పరిమళం దానికి దక్కింది. ఇది ధర్మబద్ధమైన వ్యవహారమే అని నాకు తోచింది.

అటుపిమ్మట మాస్టారు చెప్పిన మాట నా నిద్ర పాడుచేసింది.

ప్రపంచంలో ఆర్కిడ్ జాతులు సుమారు 28,000. వాటిలో దాదాపు మూడవవంతు తమకోసం వచ్చే కీటకానికి ఏమీ ఇవ్వవని అంచనా. మధువు ఉన్నట్లు వర్ణం ఉంటుంది, గంధం ఉంటుంది, లోపలికి దారి చూపే రేఖలుంటాయి, మధువు నిండవలసిన గొట్టమూ ఉంటుంది. లోపల శూన్యం. స్ప్రెంగెల్ అనే జర్మన్ పండితుడు 1793లోనే ఈ సంగతి కనిపెట్టి, ఇవి మధువు నటించే పుష్పాలని వ్రాశాడు. డార్విన్ దానిని నమ్మలేకపోయాడు. తరతరాలుగా లెక్కలేనన్ని తేనెటీగలు ఒకే విధంగా మోసపోతూ ఉండటమనేది ఆయన బుద్ధికి పొసగలేదు. గొట్టపు గోడలలో ఎక్కడో రసం దాగి ఉంటుందని, కీటకం గుచ్చి త్రాగుతుందని సమాధానపడ్డాడు. అంతటి పరిశీలకుడే ఒక పుష్పంలో వంచన ఉన్నదని అంగీకరించలేకపోయాడంటే, నాకు ఆయనమీద గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు.

మరి కీటకాలు నేర్చుకోవా? నేర్చుకుంటాయి. రెండు మూడు పువ్వులలో నిరాశపడిన తేనెటీగ ఆ జాతిని విడిచిపెడుతుంది. అందుకే ఐరోపాలో ఇటువంటి ఆర్కిడ్‌లు అనేకం వసంతారంభంలో, అప్పుడే శీతకాలపు నిద్రనుండి వెలువడిన అనుభవం లేని తుమ్మెదలు తిరిగే రోజులలో పూస్తాయి. ఒక జాతి అయితే పచ్చనివీ ఊదావీ రెండు రంగుల పువ్వులను ఒకే బయలులో పూయిస్తుంది. ఒక రంగుచేత వంచితమైన తుమ్మెద రెండవ రంగువైపు పోతుంది, అదైనా వేరుగా ఉంటుందేమో అని. ఈ మాట విన్నప్పుడు నవ్వు వచ్చింది. పరిహారాలకోసం ఒక క్షేత్రంనుండి మరొక క్షేత్రానికి తిరిగే గృహస్థులు కొందరు కళ్లముందు మెదిలారు. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది.

ఇంతకూ ఇవ్వకపోవడంవలన పుష్పానికి లాభమేమి? పిసినారితనమనుకున్నాను. అంతకంటె సూక్ష్మమైన కారణం ఉన్నది. మధువు దొరికిన కీటకం ఆ మొక్కమీదనే ఉన్న పువ్వులన్నింటిలో తిరుగుతుంది. అప్పుడు ఒక మొక్క పరాగం ఆ మొక్కకే చేరుతుంది. దొరకని కీటకం విసిగి దూరంగా పోతుంది. పరాగం కూడా దూరంగా పోతుంది. మధువు లేని ఒక జాతి పువ్వులలో శాస్త్రజ్ఞులు తామే తియ్యని ద్రవం పోసి చూశారు. తుమ్మెదలు అక్కడే తచ్చాడాయి, స్వపరాగసంపర్కం పెరిగింది. అంటే కీటకం నిరాశ కూడా పుష్పానికి వాహనమే. దీనికి మూల్యమూ ఉన్నది. మధువు లేని జాతులలో కాయకట్టే పువ్వుల నిష్పత్తి మధువిచ్చేవాటిలో ఇంచుమించు సగమే.

చైనాకు చెందిన హైనాన్ ద్వీపంలోని ఒక ఆర్కిడ్ సంగతి 2009లో వెల్లడైంది. తేనెటీగలు ఆపదలో పడినప్పుడు తోటివారిని హెచ్చరించడానికి ఒక గంధాన్ని విడుస్తాయి. ఆ ఆర్కిడ్ ఆ గంధాన్నే వెదజల్లుతుంది. తేనెటీగలను వేటాడే కందిరీగ, ఆహారం దొరికిందని దూకి వచ్చి, పువ్వును ఢీకొని, పరాగం మోసుకొనిపోతుంది. మరొకరి ఆర్తనాదాన్ని ఎరగా పెట్టడమన్నమాట. దీనిని గురించి మాస్టారు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

అన్నింటికంటె విచిత్రమైనది చివరకు చెప్పారు. మధ్యధరా సముద్రతీర దేశాలలో ఒక ఆర్కిడ్ జాతి ఉన్నది. దాని అధరం అద్దంవలె మెరిసే నీలవర్ణం, చుట్టూ ఎర్రని రోమాలు. చూడటానికి ఆడ కందిరీగ రెక్కలు ముడిచి కూర్చున్నట్లే ఉంటుంది. అల్జీరియాలో న్యాయమూర్తిగా పనిచేసిన పుయాన్ అనే ఫ్రెంచి దేశస్థుడు దీనిని ఏళ్ల తరబడి గమనించి, 1916లో ప్రకటించాడు. పగలు న్యాయస్థానంలో కూటసాక్షులను విచారించిన మనిషికి, తీరికవేళలో దొరికినది కూడా కూటసాక్షి పుష్పమే. ఆ జాతి కందిరీగలలో మగవి ముందుగా భూమినుండి వెలువడుతాయి. ఆడవి కొన్ని వారాల తరువాత గాని రావు. ఆ మధ్యకాలంలోనే ఈ పుష్పం వికసిస్తుంది. మగ కందిరీగ పువ్వునే భార్యగా భ్రమించి వ్రాలుతుంది. ఈ ప్రయత్నంలో పరాగముద్ద దాని తలకు అంటుతుంది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఈడిత్ కోల్మన్ అనే గృహిణి 1927లో ఇటువంటి దానినే స్వతంత్రంగా కనుగొన్నది. మొదట చూచినది ఆమె కుమార్తె: కందిరీగ ఒకటి పువ్వులోకి తోకవైపునుండి ప్రవేశిస్తున్నదని. తేనెకోసం వచ్చినది అట్లా వెనుకకు ఎందుకు ప్రవేశిస్తుందని తల్లికి సందేహం కలిగింది. ఆ ఒక్క సందేహంనుండి సత్యం బయటపడింది. ఆ కందిరీగ తన సంతానబీజాన్ని సైతం పువ్వులోనే విడిచిపోతుందని తరువాతివారు నిరూపించారు. అయినా ఆ జాతి అంతరించలేదు. కారణం, ఆ కులంలో ఆడది పురుషసంయోగం లేకుండానే గ్రుడ్లు పెట్టగలదు. వాటినుండి పుట్టేవన్నీ మగవే. అనగా వంచన ఎంత ఎక్కువైతే, మోసపోవడానికి సిద్ధంగా ఉన్నవారు అంత ఎక్కువగా పుడతారు!

కంటికి కనిపించే ఈ సాదృశ్యం కంటె గంధసాదృశ్యమే ప్రధానమట. ఆడ కీటకం దేహంమీది పరిమళద్రవ్యాలు ఏవి ఏ పాళ్లలో ఉంటాయో, కొన్ని జాతుల పువ్వులలో అవే ద్రవ్యాలు అవే పాళ్లలో ఉన్నాయని 1999లో ఆర్కిడ్‌ల మీద పరిశోధించినవారు చూపారు.

ఇక్కడ నాకొక శాస్త్రీయమైన చిక్కు ఎదురైంది. వేదాంత పాఠకులకు ఇది ఆసక్తికరమని తలుస్తాను. భగవత్పాదులు అధ్యాసను నిరూపిస్తూ, మునుపు చూచినదాని స్మృతివంటి ఆభాస మరొకచోట తోచడమని సెలవిచ్చారు. పామును ఎన్నడూ ఎరుగనివానికి త్రాడు పాముగా కనిపించదు. వెండిని చూడనివానికి ముత్యపుచిప్పలో రజతభ్రాంతి లేదు. మరి ఈ మగ కందిరీగ? ఆడ కందిరీగలు పుట్టకముందే ఇది పుట్టింది. చూడలేదు, తాకలేదు, వాసన ఎరుగదు. అయినా పువ్వును చూచి భ్రమపడుతున్నది. పూర్వదృష్టం లేకుండా అధ్యాస ఎక్కడిది?

మాస్టారు, “ఏముందండీ, అది పుట్టుకతో వచ్చిన గుణం. అయస్కాంతం దగ్గరకు ఇనుము పోయినట్లు పోతుంది” అన్నారు. నేను ఆసనంమీదనుండి లేచినంత పని చేశాను. సరిగ్గా ఇదే ఆక్షేపణను గౌతమమహర్షి న్యాయసూత్రాలలో పూర్వపక్షంగా ఎత్తుకున్నాడు! అప్పుడే పుట్టిన శిశువు స్తన్యాన్ని అభిలషిస్తున్నాడు కనుక పూర్వజన్మాభ్యాసం ఉన్నదని సిద్ధాంతం. కాదు, ఇనుము అయస్కాంతాన్ని చేరినట్లే అని ఆక్షేపణ. మాస్టారికి ఆ గ్రంథంతో పరిచయం లేదు. రెండువేల ఏండ్ల వెనుకటి పూర్వపక్షి మా మండపంలోకి వచ్చి కూర్చున్నట్లయింది.

నేను ఇట్లా అన్నాను: ఇనుము ఏనాడూ పొరబడదు. నల్లరాతిని అయస్కాంతమని భ్రమించి దానివైపు పోయిన ఇనుము లేదు. ఈ కీటకం పొరబడుతున్నది. పొరబడగలిగినది కేవలం జడం కాదు. దానిలో ఏదో ఒక ఎఱుక, ఏదో ఒక నిరీక్షణ ఉండాలి. మాస్టారు చాలాసేపు ఆలోచించి, ఆ నిరీక్షణను పూర్వతరాలనుండి వచ్చిన వారసత్వమంటామనీ, మీరు వాసన అంటారనీ, పేరు తప్ప భేదం తనకు కనిపించలేదనీ అన్నారు. భేదం పేరులో మాత్రమే ఉన్నదని నేను ఒప్పుకోలేదు. ఆయన కులపరంపరను చెబుతున్నారు, నేను జీవుని యాత్రను చెబుతున్నాను. వాదం ఇప్పటికీ తెగలేదు.

ఇక నా సంగతి.

ప్రతి కార్తీకంలోనూ ఈ ఆలయంలో ప్రవచనం చెబుతాను. లేడి శబ్దంచేత, ఏనుగు స్పర్శచేత, శలభం రూపంచేత, చేప రుచిచేత, తుమ్మెద గంధంచేత నశిస్తున్నాయి, అయిదింద్రియాలూ గల మానవుని గతి ఏమని అడుగుతాను. జనం తలలూపుతారు. ముప్పది కార్తీకాలు వంచితుని పక్షాన నిలిచి మాట్లాడాను. లేడిని పిలిచిన పాట పాడినవాడొకడు ఉన్నాడు కదా, చేపకు ఎర గ్రుచ్చినవాడొకడు ఉన్నాడు కదా అని ఒక్క కార్తీకంలోనూ ఆలోచించలేదు. మధువు లేని పుష్పం మాట విన్ననాటి రాత్రి మొదటిసారి ఆలోచించాను. దీపాలు వెలిగించేది నేను. సాంబ్రాణి వేసేది, పువ్వులతో స్వామిని అలంకరించేది, ఘంటానాదం చేసేది నేను. రూపం, గంధం, శబ్దం అన్నీ నా చేతిలోనివే. వాటిని చూచి వచ్చినవారికి నేను ఏమి ఇచ్చాను?

రెండు సంవత్సరాల క్రితం మాఘమాసంలో, నలభై కిలోమీటర్ల దూరాన ఉన్న పల్లెనుండి ఒక అమ్మ వచ్చింది. భర్తకు మూత్రపిండాల వ్యాధి ముదిరింది. ఆమె అడిగిన ప్రశ్న ఒకటే: “అయ్యగారూ, నయమవుతుందా?” పదకొండు సోమవారాలు రుద్రాభిషేకం చేయించమని చెప్పాను. అంతవరకు దోషం లేదు. అంతటితో ఆగలేదు. ఆమె ముఖం చూచి, “తప్పకుండా నయమవుతుంది తల్లీ” అన్నాను. శాస్త్రంలో ఏ ప్రమాణంతో ఆ మాట అన్నానని ఎవరైనా అడిగితే నాకు బదులు లేదు. జాలితో అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉన్నమాట నిజమే. ఆమె మళ్లీ వస్తుందనే ఎఱుక కూడా ఆ మాటలో ఉన్నదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ప్రతి సోమవారం తెల్లవారుజామున రెండు బస్సులు మారి వచ్చేది. తొమ్మిదవ సోమవారం, నమకం సగంలో ఉండగా ఆమె చేతిసంచిలోని ఫోను మ్రోగింది. ఆమె ప్రక్కకు వెళ్లింది. నేను పాలు పోస్తూనే ఉన్నాను. తిరిగి చూచేసరికి ఆమె నిలుచున్న చోట ఆమె లేదు. పూలసజ్జ మాత్రం ఉన్నది. ఆ మనిషి చివరి గడియలో భార్య ప్రక్కన ఉండవలసినది. నా మాట నమ్మి నా ఎదుట ఉన్నది.

పుష్పానికి సంకల్పం లేదు. సంకల్పం లేనిచోట కర్మ అంటదు. ఆ ఆర్కిడ్‌ను మోసకారి అనడం భాషాదోషమే. శాస్త్రజ్ఞులు సౌకర్యంకోసం అంటారు. ఆ పదం నాకు మాత్రం సార్థకం.

ఈ శ్రావణంలో, మొదటి సోమవారంనాడు, ఆమె వచ్చింది. నేను గుర్తుపట్టి కూడా గుర్తుపట్టనట్లు ఒక క్షణం ఉండిపోయాను. కొబ్బరికాయ, పూలు పళ్లెంలో పెట్టి అన్నది:

“అయ్యగారూ, అప్పటివి రెండు వారాలు మిగిలిపోయినాయి. చేయించుకుందామని వచ్చాను.”

“తల్లీ, దానివలన ఏమి ఫలితం కలుగుతుందో నాకు తెలియదు” అన్నాను. ఈ వాక్యం గర్భాలయద్వారంలో నిలిచి అనడం నా ముప్పది ఏండ్ల అర్చకత్వంలో అదే ప్రథమం.

“అప్పుడూ మీకు తెలియదని నాకు తెలుసండీ. డాక్టరుగారు ముందే చెప్పేశారు. ఆయన మాత్రం మీ మాట నమ్మారు. సోమవారం వెళ్లివచ్చావా, విభూతి తెచ్చావా అని అడిగేవారు. నేను వెళ్లకపోతే అన్నం ముట్టేవారు కాదు.”

ఈ మాట నాకు ఊరట కలిగించిందని వ్రాస్తే మరొక అసత్యమవుతుంది. ఆమె ఎఱిగి వచ్చింది. అందువలన నేను ఎఱగక చెప్పిన మాట సత్యం కాదు. క్షమించమని అడగబోతే, “అభిషేకం మొదలుపెట్టండి, ఎండెక్కకముందే బస్సు అందుకోవాలి” అన్నది. దక్షిణ వద్దన్నాను. ఆమె పళ్లెంలో పెట్టే వెళ్లింది. దానిని ఏమి చేయాలో తెలియక స్వామి పాదాలవద్దనే ఉంచాను.

వెళ్లేటప్పుడు నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఆమె తలయెత్తి చూచింది. వైశాఖంలో పూచిన ఆ పువ్వులలో ఒక్కటి మాత్రం కాయకట్టింది. వ్రేలెడు పొడవున, గణుపులవలె అంచులు తేలి, పచ్చగా వ్రేలాడుతున్నది. ఏ కీటకం వచ్చి వ్రాలిందో, ఏమి దొరికి పోయిందో నేను చూడలేదు. ఆ పదిహేను రోజులూ మండపంలో కూర్చొని వింటున్నానే గాని, చెట్టు క్రింద నిలిచి చూచినవాడను కాను.

“అదేమి కాయ అయ్యగారూ?” అని అడిగింది.

బస్సుకు ఇంకా కొంత సమయం ఉన్నదని చెప్పి, చెట్టు క్రింద గట్టుమీద కూర్చోమన్నాను. నాకు తెలిసినంతవరకు చెప్పాను.